చాకీ పెట్టె మీది చీటీ

పట్టుపురుగుల పెట్టెతో పాటు నేనొక చీటీ రాసి పంపుతాను. పెళ్లయి ఈ ఇంటికి వచ్చిన రెండో ఏడు మొదలుపెట్టిన పని. పదకొండేళ్లు అయింది.

బేతమంగళ దాటాక మాది చాకీ కేంద్రం. గుడ్ల కేంద్రం వాళ్ల దగ్గర గుడ్లు తెచ్చి పొదిగించి, పుట్టిన పురుగులకు లేతాకు తరిగి పెట్టి, రెండు జ్వరాలు దాటాక రైతుల ఇళ్లకు ఇస్తాం. పురుగు చర్మం వదిలే ముందు మేత మాని కదలకుండా పడుకుంటుంది. దాన్నే మా వైపు జ్వరం అంటారు. మొత్తం నాలుగు వస్తాయి. మొదటి రెండూ మా పూచీ, మిగతా రెండూ రైతు పూచీ.

చీటీలో గుడ్ల లాట్ నంబరు, పురుగు పుట్టిన తేదీ, రెండో జ్వరం నుంచి లేచిన గంట రాస్తాను. కింద మా రెండు ఫోన్ నంబర్లు. ఆఖరి వరుస ఎప్పుడూ ఒకటే: పురుగులు చిన్నా పెద్దా తేడాగా పెరిగినా, ఒంటి మీద మిరియాల పొడి చల్లినట్టు చుక్కలు కనిపించినా ఆ రోజే ఫోన్ చేయండి. ఈ వరుస చూసి పదకొండేళ్లలో నాకు వచ్చిన ఫోన్లు రెండు. అందులో ఒకటి మా దగ్గర టమోటా నారు దొరుకుతుందా అని.

దానికి కారణం మా ఇంట్లోనే ఉంది. పెట్టెలు బయలుదేరే ముందు మా అత్త మునిలక్ష్మమ్మ ఒక్కో చీటీకీ పసుపు రాసి కుంకుమ బొట్టు పెడుతుంది. పురుగు లక్ష్మి అని, ఇల్లు దాటుతున్న లక్ష్మిని ఉత్త కాగితంతో పంపకూడదని ఆమె పట్టు. బొట్టు పెట్టిన కాగితాన్ని ఎవరు చదువుతారు? కళ్లకద్దుకుని దేవుడి గూట్లో పెడతారు. ఈ సంగతి నాకు రెండు మూడేళ్లకే తెలిసింది. తెలిసీ ఊరుకున్నాను. చీటీ రాశాను కదా, నా పని అయిపోయింది కదా అనుకున్నాను.

చీటీ కాక వాట్సాప్ గుంపు ఉంది. మా ఆయన నాగేశ్ దానికి చాకీ బంధువులు అని పేరు పెట్టాడు. పొద్దున్నే దేవుళ్ల బొమ్మలు వస్తాయి. పురుగులెలా ఉన్నాయని నేనడిగితే అందరూ దండం పెట్టే చేతుల బొమ్మ పంపుతారు. ఇంట్లో పురుగు ఉన్నంతకాలం దానికి బాగాలేదన్న మాట ఎవరి నోటా రాదు. మరీ గుచ్చి అడిగితే, "ఏదో ఉండాది" అంటారు. బాగున్నా అదే మాట, పోతున్నా అదే మాట.

ఆ కార్తీకంలో ఒకే లాట్ గుడ్లు రెండు విడతలుగా వచ్చాయి. మొదటి విడత పురుగుల్ని తొమ్మిది ఇళ్లకు ఇచ్చి పది రోజులు అయింది. రెండో విడత మా తట్టల్లోనే ఉంది. ఇంకో రెండు రోజులకు రెండో జ్వరం నుంచి లేస్తే పద్నాలుగు ఇళ్లకు వెళ్లాలి. ఆ పద్నాలుగు చీటీలూ ముందుగానే రాసి పెట్టుకుని, చంద్రికల పుస్తకం తీశాను. పురుగు గూడు కట్టడానికి ఎక్కించే తడికలు అవి. ఇంట్లో చాలనివాళ్లు నాలుగో జ్వరం రాగానే మా దగ్గర అడిగి పెట్టుకుంటారు. ఎనిమిది ఇళ్ల వాళ్లు అడిగారు. కామసముద్రం గురువమ్మ అడగలేదు.

గురువమ్మ ప్రతిసారీ అందరికన్నా ముందు అడిగే మనిషి. భర్త పోయాక ఎకరన్నర మల్బరీ తోటతో ఇల్లు నెట్టుకొస్తోంది. కొడుకు మూర్తి బంగారుపేట నుంచి రోజూ రైలెక్కి బెంగుళూరు పనికి పోతాడు. తోట పని, పురుగు పని గురువమ్మ, కోడలు గంగ చూసుకుంటారు. ఫోన్ చేశాను. ఏదో ఉండాదమ్మా అంది. చంద్రికలు వద్దా అని అడిగితే చూద్దాంలే అంది. ఆమె నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు.

మర్నాడు పొద్దున అత్తకు వంట చేసి పెట్టి, కేజీఎఫ్‌లో బస్సు మారి కామసముద్రం వెళ్లాను. ఊరి బయట ఇల్లు, పక్కన రేకుల షెడ్డు. షెడ్డు తలుపుకు వేపమండలు కట్టి ఉన్నాయి. వరండాలో ఒక మూల చాప, దుప్పటి, బోర్లించిన కంచం, నీళ్ల చెంబు. గంగ అక్కడ కూర్చుని రాగులు చెరుగుతోంది. నన్ను చూసి లేచి నిలబడిందే గాని లోపలికి రమ్మనలేదు. అత్తను పిలిచింది, అదీ వాకిట్లోంచే.

గురువమ్మ కాఫీ ఇచ్చింది. ఆ ఏడు వానల గురించి మాట్లాడింది, మా అత్త మోకాళ్ల గురించి అడిగింది. పురుగు ఊసు లేదు. గ్లాసు కింద పెట్టి షెడ్డు చూస్తానన్నాను.

"చూసి ఏం చేస్తావు పుష్పమ్మా. అయిపోయింది."

లోపల మేత వేసే మంచాల మీద పురుగులు ఒక్క తీరున లేవు. కొన్ని చిటికెన వేలంత, కొన్ని అగ్గిపుల్లంత. జ్వరానికి పోవలసినవి పోలేదు, మేతా ముట్టలేదు. ఒకదాన్ని అరచేతిలోకి తీసుకుని గుమ్మం దగ్గర వెలుతురులో చూశాను. ఒంటి మీద సన్నటి నల్లచుక్కలు.

ఎన్నాళ్ల నుంచి అని అడిగాను. మూడో జ్వరం లేచినప్పటి నుంచి, ఆరు రోజులుగా అని చెప్పింది. నాకెందుకు చెప్పలేదని అడగలేకపోయాను. ఇంటి లోపల, దేవుడి గూట్లో నా చీటీ కనిపిస్తోంది. దాని ముందు దీపం, మీద చేమంతి పువ్వు.

గురువమ్మే గొంతు తగ్గించి కారణం చెప్పింది. మూడో జ్వరం లేచిన రోజు తాను నీళ్లు కట్టడానికి తోటకు పోయిందట. మేత వేళ దాటిపోతోందని గంగ షెడ్డులోకి పోయి ఆకు వేసిందట. గంగ బయట చేరిన రోజు అది.

"పురుగు ఆకలికి తలకాయలెత్తి చూస్తాండాదని పోయినాదంట. దేవుడి సొత్తు, ముట్టులో పోతే ఓర్చుకుంటాదా? మూర్తి కూడా మాట్లాడటం మానేసినాడు. పురుగు ఉన్నన్నాళ్లూ గడప దాటొద్దని చెప్పినాను."

గంగ చేటలో రాగులు అటూ ఇటూ తిప్పుతూనే ఉంది. ఆమెకు వినిపిస్తోందని నాకు తెలుసు, గురువమ్మకూ తెలుసు.

దాని వల్ల కాదు అని ఆ క్షణమే చెప్పాల్సింది. చూసి చెబుతానన్నాను. నమ్మకంగా తెలియకుండా మాట జారకూడదని నాకు నేను చెప్పుకున్నాను గాని, అసలు సంగతి వేరు. ఆ చుక్కలు నేననుకున్నవే అయితే తప్పు గంగది కాదు, మా పెట్టెది.

ఏడెనిమిది పురుగుల్ని అగ్గిపెట్టెలో వేసుకుని పట్టు శాఖ పరీక్షల గదికి తీసుకెళ్లాను. అక్కడి అధికారిణి నాగరత్న వాటిని నూరి, చుక్క నీళ్లు కలిపి, సూక్ష్మదర్శిని కింద పెట్టి నన్ను కూడా చూడమంది. బియ్యపు గింజల్లాంటివి, మెరుస్తూ, లెక్కలేనన్ని. పెబ్రిన్. గుడ్లు పెట్టే పట్టు సీతాకోకచిలుక నుంచి గుడ్డులోకి, గుడ్డు నుంచి పురుగులోకి వచ్చే రోగం. మందు లేదు. ఉన్న పురుగుల్ని కాల్చేయాలి, షెడ్డు కడగాలి, లేకపోతే తరువాతి పంటకూ అంటుతుంది. ఆమె కాగితం రాస్తూ లాట్ నంబరు అడిగింది. నాలుగు వందల పదిహేడు. ముందు రోజు అదే నంబరు పద్నాలుగు సార్లు నా చేత్తో రాశాను.

ఇంటికి వచ్చేసరికి మూడు దాటింది. నాగేశ్ తట్టల మీద సున్నపు పొడి చల్లుతున్నాడు. కాగితం చూపించాను. ఆయన రెండుసార్లు చదివి, చేతులు కడుక్కుని, గుడ్ల కేంద్రానికి ఫోన్ చేసి నాకిచ్చాడు. అక్కడ సరఫరా చూసే పురుషోత్తమ్ ఎత్తాడు. మర్యాదస్తుడు, ఎప్పుడూ గొంతు పెంచడు.

"ఆ లాట్ ఆపమని మెయిల్ పంపినాము కదక్కా. పోయిన గురువారమే. రిపోర్టు కూడా పెట్టినాము. చూడలేదా?"

ఏ మెయిల్‌కని అడిగితే చదివి వినిపించాడు. ఎప్పుడో లైసెన్సుకు అర్జీ పెట్టినప్పుడు రాబర్ట్‌సన్‌పేటలో ఒక నెట్ సెంటర్ అతను నాగేశ్ పేరుతో తెరిచినది. దాని పాస్‌వర్డు ఆ మనిషికే తెలుసు, ఆ షాపు ఇప్పుడు లేదు. గురువారం నాటికి రోగం సంగతి వాళ్లకు తెలుసన్నమాట. ఒక్క ఫోన్ చేసి ఉండొచ్చు కదా అన్నాను.

"ఫోన్‌లో చెప్తే రికార్డు ఉండదక్కా. ఇంగ ఏదైనా మెయిల్‌లోనే చెప్పాలని మావాళ్ల ఆర్డరు."

కోపం రావలసింది. రాలేదు. చెప్పామన్న తృప్తి వాళ్లకు మిగిలింది, నాకు మిగిలినట్టే. వాళ్ల మెయిలుకూ నా చీటీకీ తేడా ఏముంది, నాది కుంకుమతో వెళ్లింది, అంతే.

మా తాత ఛాంపియన్ రీఫ్స్ బంగారు గనిలో పనిచేశాడు. షిఫ్టు మారేటప్పుడు పైకి వచ్చేవాడు కిందికి పోయేవాడి భుజం పట్టుకుని ఆపి, పైకప్పు ఎక్కడ శబ్దం చేస్తోందో చెప్పేవాడట. అవతలివాడు ఆ మాట తిప్పి చెప్పేదాకా భుజం వదిలేవాడు కాదట. చిన్నప్పుడు తాత ఎన్నిసార్లు చెప్పినా అది నాకు గని సంగతిగానే వినిపించింది.

నాగేశ్ అరుగు మీద కూర్చున్నాడు. చెడ్డవాడు కాదు. ఆయన చాలాసేపు ఆలోచించి తెచ్చిన మాట ఇది: రేపటి పద్నాలుగు ఇళ్లకూ హీటరు పాడై పురుగు పోయిందని చెబుదాం. రోగం పురుగు ఎవరికీ చేరదు. మొదటి విడత వాళ్లవి ఇంకో వారంలో గూడు కడతాయి, వచ్చినంత వస్తుంది. రోగం పేరు మాత్రం బయటికి రావద్దు. వస్తే మళ్లీ ఈ గేటు ముందు బండి ఆగదు.

సగం వరకు అది మంచి ఉపాయమే. నాకూ అలసటగా ఉంది, ఒప్పుకుంటే ఆ సాయంత్రం పడుకోవచ్చు.

"మరి గంగను వరండాలోనే ఉండనిద్దామా?" అన్నాను.

"గంగ ఎవరు?"

చెప్పాను. చాప, కంచం, చెంబు, దేవుడి గూట్లో బొట్టుతో ఉన్న నా చీటీ, అన్నీ. ఆయన తల పట్టుకున్నాడు. గురువమ్మకొక్కదానికే రహస్యంగా చెప్పు, అందరికీ ఎందుకు అన్నాడు. మిగతా ఎనిమిది ఇళ్లలోనూ ఈ పాటికి ఎవరో ఒకరి మీదికి నెట్టి ఉంటారు, అక్కడ వరండాలో ఎవరున్నారో మనకు తెలియదు అన్నాను.

గుమ్మంలో నిలబడి అంతా విన్న మా అత్త నన్ను ఉద్దేశించకుండా గోడతో అన్నట్టు అంది.

"బొట్టు పెట్టినాను. చదవొద్దని నేను చెప్పినానా?"

గుంపులో రాయలేదు. రాస్తే ఇరవై మూడు జతల చేతులు వస్తాయి, ఎవరూ చదివి ఉండరు. ఒక్కొక్కరికీ ఫోన్ చేయడం మొదలుపెట్టాను. మొదట గురువమ్మకు.

"గురువమ్మక్కా, రోగం గుడ్డులోనే ఉండాది. మేమిచ్చిన పురుగులోనే వచ్చింది. గంగ షెడ్డులోకి పోయినా పోకపోయినా ఇంతే అయ్యేది."

అవతల టీవీ శబ్దం వినిపించింది. తరువాత అదీ ఆగింది.

"తెలిసే ఇచ్చినారా?" అంది.

తెలియదన్నాను. అది నిజం. కాని తెలుసుకోగలిగి ఉండీ తెలుసుకోలేదని కూడా చెప్పాను. అదీ నిజమే కాబట్టి. ఆమె ఫోన్ పెట్టేసింది.

మిగతా ఎనిమిది ఇళ్లలో అయిదింట్లో పురుగు అప్పటికే పోతోంది. అయిదుగురూ మొదట ఏదో ఉండాది అన్నారు. రోగం పేరు, లాట్ నంబరు, మా తప్పు నేనే ముందు చెప్పాక గాని నోరు తెరవలేదు. ఒక ఇంట్లో చావుకు వెళ్లి వచ్చిన ముసలాయన్ని షెడ్డు వైపు చూడనివ్వడం లేదు. ఒకరు పక్క తోటలో టమోటాకు మందు కొట్టినవాడితో గొడవపడి పంచాయితీ దాకా పోయారు. సొన్నమ్మ అనే ఆమె అంతా విని, "అయితే మా తమ్ముడి దిష్టి కాదా?" అని అడిగింది. కాదంటే కాస్త నిరాశపడినట్టు అనిపించింది. అందరికీ ఒకే మాట చెప్పాను, కాల్చేయండి, షెడ్డు కడగండి. ఎంతమంది చేస్తారో తెలియదు. తిట్టినవాళ్లు తిట్టారు. మరుసటి రోజు పెట్టె కోసం ఎదురుచూస్తున్న పద్నాలుగు మందిలో అయిదుగురు ఇంక వేరే కేంద్రం చూసుకుంటామని అక్కడికక్కడే చెప్పేశారు.

అయినా తెల్లవారగానే గేటు ముందు బండి ఆగింది. ఆవని ఊరి ఆంజినప్ప. సాయంత్రం ఫోన్‌లో అంతా విని సరేనన్న మనిషి, గూడ్స్ ఆటో తీసుకుని వచ్చాడు.

"చెప్పినావు, విన్నాను. కానీ ఆకు కోతకు వచ్చేసింది. రెండెకరాలు. ఆకు ఎవురి కోసరమూ ఆగదమ్మా. నా పెట్టెలు నాకిచ్చేయి, వచ్చినంత వస్తాది."

ఇవ్వనన్నాను. రోగం ఆయన షెడ్డులో నిలిచిపోతుందని, పంట తరువాత పంట పోతుందని చెప్పాను. ఆయన విన్నాడు. కోపంగా లేడు, అది ఇంకా కష్టంగా ఉంది.

"ములబాగిలు వైపు కేంద్రం వాళ్లు ఇట్ల ఎప్పుడన్నా ఫోన్ చేసి చెప్పినారా? చెప్పరు. నువ్వు చెప్పినావు కాబట్టి, రోగం మీ దగ్గర ఉండాది, వాళ్ల దగ్గర లేదు అంటారు జనం. నేనూ అంటాను."

"అనండప్పా," అన్నాను. "పెట్టె మాత్రం ఇవ్వను."

ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, ఖాళీ ఆటో వెనక్కి తిప్పించుకుని వెళ్లిపోయాడు. ఆ రెండెకరాల ఆకూ ఆవులకే పోతుంది.

లోపల పురుగులు జ్వరం నుంచి లేచాయి. సున్నపు పొడిలోంచి తలలెత్తి ఆకు కోసం అటూ ఇటూ ఊపుతున్నాయి. ఆ వేళకు మేత వేయకుండా నేనెప్పుడూ ఆ గది దాటి రాలేదు. చూస్తే వీటిలో రోగం ఉందని ఎవరూ అనరు. నాగేశ్ దొడ్లో గొయ్యి తవ్వి, ఎండుకంప పేర్చాడు. ఒక్కో తట్టా నేను అందిస్తుంటే ఆయన వంచుతున్నాడు. ఆరో తట్ట దగ్గర ఫోన్ మోగింది. కొత్త నంబరు.

"నేను గంగని అక్కా. కామసముద్రం." ఆ గొంతు నేను ఫోన్‌లో వినడం అదే మొదటిసారి. "పురుగు కాల్చేసినాము. షెడ్డు కడుగుతాండాను. అత్తమ్మ మిమ్మల్ని అడగమన్నాది, బ్లీచింగ్ ఎంత కలపాల?"

అత్తమ్మ ఎక్కడుందని అడిగాను. నీళ్లు మోస్తా ఉండాది అంది. ఇంకేమైనా అన్నదా అని అడగబోయి మానుకున్నాను. తట్ట కింద పెట్టి, రాసుకోమన్నాను. పెన్సిలు వెతుక్కుని వచ్చింది. లీటరు నీళ్లకు ఇరవై గ్రాముల బ్లీచింగ్, మూడు గ్రాముల సున్నం, గోడలూ మంచాలూ నేలా అంతా తడవాలి, ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. అన్నీ చెప్పి, తిప్పి చెప్పమన్నాను.

"లీటరుకి ఇరవై గ్రాములు సున్నం, మూడు గ్రాములు..."

"కాదు గంగా. ఇరవై బ్లీచింగ్, మూడు సున్నం."

కొట్టేసి రాసుకుంటున్న చప్పుడు వినిపించింది. నాగేశ్ గొయ్యి దగ్గర నుంచి తట్ట కోసం చెయ్యి చాపాడు. ఆగమని సైగ చేసి, మళ్లీ చెప్పమన్నాను. ఈసారి సరిగ్గా చెప్పింది.